మాటల పుట్టుక: 'గై' ఎవరు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంగ్లిషులో మగవాణ్ని చనువుగా పిలిచే 'గై' అనే మాట గురించి, దాని దగ్గరి చుట్టాల గురించి ఉత్తరాలు చాలా వచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్ర: 'గై' అనే మాట లండన్‌లో పార్లమెంటును పేల్చబోయిన గై ఫాక్స్ పేరు నుంచి వచ్చిందని ఒక వీడియోలో విన్నాను. ఇలాంటి పుట్టుకథలు సగానికి సగం కల్పితాలే కదా. ఇదీ ఆ బాపతేనా?
(పాఠకురాలు, విజయవాడ)

జ: సగం కాదు, అంతకన్నా ఎక్కువే కల్పితాలు. ఇది మాత్రం నిజం. కాకపోతే వీడియోల్లో కథ 1605లో మొదలై ఒక్క గెంతులో నేటికి వచ్చేస్తుంది. అసలు విషయమంతా ఆ మధ్యలో ఎగిరిపోయిన రెండువందల ఏళ్లలో ఉంది.

గై ఫాక్స్ 1570లో యార్క్ నగరంలో పుట్టాడు. పెద్దయ్యాక కాథలిక్ మతం తీసుకున్నాడు, స్పెయిన్ సైన్యంలో చేరి నెదర్లాండ్స్ ప్రాంతంలో పోరాడాడు. అక్కడే తన పేరును 'గీడో' అని ఇటాలియన్ పద్ధతిలో రాసుకోవడం మొదలుపెట్టాడు. కుట్రకు నాయకుడు ఇతను కాదు, రాబర్ట్ కేట్స్‌బీ. మందుగుండు సంగతి తెలిసిన సైనికుడు గనుక పేల్చే పని ఫాక్స్‌కు అప్పజెప్పారు. ప్రభువుల సభ కింద ఉన్న నేలమాళిగను అద్దెకు తీసుకుని, 36 పీపాల తుపాకిమందును కట్టెల కింద, బొగ్గు కింద దాచారు. 1605 నవంబరు 5న రాజు మొదటి జేమ్స్ సభ ప్రారంభించడానికి రాగానే అంటించాలని పథకం. సభకు వెళ్లవద్దని హెచ్చరిస్తూ అక్టోబరు 26న మాంటీగిల్ ప్రభువుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం అందింది, దాంతో గుట్టు బయటపడింది. నవంబరు 4 రాత్రి దాటాక జరిగిన సోదాలో ఫాక్స్ దొరికాడు. పేరడిగితే జాన్ జాన్సన్ అని చెప్పాడు. 1606 జనవరి 31న అతనికి మరణశిక్ష అమలైంది.

ఏటా నవంబరు 5న దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకోవాలని పార్లమెంటు చట్టమే చేసింది. అది 1859 దాకా అమల్లో ఉంది. పగలు చర్చిలో ప్రార్థన, రాత్రి వీధిలో భోగిమంటంత మంట. అయితే ఒక సంగతి గమనించాలి. మొదటి వందేళ్లలో ఆ మంటలో ఎక్కువగా కాల్చింది ఫాక్స్ బొమ్మను కాదు, పోప్ బొమ్మను, సైతాను బొమ్మను. ఫాక్స్ బొమ్మ నెమ్మదిగా ముందుకొచ్చి, 18వ శతాబ్దం గడిచేకొద్దీ పోప్‌ను పక్కకు నెట్టింది. ఆ బొమ్మనే 'గై' అన్నారు. బొమ్మ అనే అర్థంలో ఈ మాటకు నిఘంటువులు చూపే తేదీ 1806.

అక్కడి నుంచి మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి. చినిగిన బట్టలు తొడిగిన బొమ్మ 'గై' కదా, 1830లు వచ్చేసరికి ఆ బొమ్మలా వికారంగా, వింతగా ముస్తాబైన మనిషీ 'గై' అయ్యాడు. మనం "ఏమిట్రా, దిష్టిబొమ్మలా తయారయ్యావ్" అంటామే, సరిగ్గా ఆ అర్థంలోనే. 1840ల చివరికి వికారం సంగతి పోయి, ఊరికే 'మనిషి', 'వాడు' అన్న అర్థం అచ్చులో కనబడుతుంది. పాత వెక్కిరింత వెంటనే చచ్చిపోలేదు. 1870లలో నాటకాల వాళ్ల భాషలో 'గై చేయడం' అంటే ఎగతాళి చేయడం.

ఈ మెట్లలో ఏదైనా తారుమారైతే మేమూ ఈ కథను నమ్మేవాళ్లం కాదు. ఉదాహరణకు, 'మనిషి' అనే అర్థం 1700లోనే దొరికి, 'బొమ్మ' అనే అర్థం 1806కు ముందు దొరక్కపోతే కథ అడ్డం తిరిగేది.

ప్ర: ఇంగ్లండులో తిట్టులాంటి మాట అమెరికాలో మామూలు మాట ఎలా అయింది?
(పాఠకుడు, కరీంనగర్)

జ: అమెరికాలో ఆ పండగ చచ్చిపోయింది కాబట్టి. బోస్టన్ వంటి ఊళ్లలో వలస పాలన రోజుల్లో నవంబరు 5ను 'పోప్ డే' అని చేసేవారు. పోప్ బొమ్మలతో ఊరేగింపులు, వాటి వెనకే వీధి గొడవలు. 1775 నవంబరు 5న జార్జి వాషింగ్టన్ తన సైన్యానికి ఒక ఉత్తర్వు ఇచ్చాడు. పోప్ బొమ్మను కాల్చే ఆ పిల్లచేష్టను మానుకోమన్నాడు. కెనడాలోని కాథలిక్కుల మద్దతు కోసం తంటాలు పడుతున్న సమయంలో వాళ్ల మతపెద్ద బొమ్మను తగలబెట్టడం ఎంత తెలివితక్కువ పనో ఆయన లెక్క. స్వాతంత్ర్యం వచ్చాక ఆ పండగకు అక్కడ అర్థమే లేకపోయింది, చాలాచోట్ల ఆగిపోయింది.

ఇంగ్లండులో పిల్లవాడికి ఏటా నవంబరులో ఆ మాటతో పాటు చింకి బట్టల బొమ్మ కూడా కళ్లెదుట కనిపించేది. అమెరికాలో అలా గుర్తుచేసేది ఏదీ లేదు. మాట మిగిలింది, బొమ్మ పోయింది. వెక్కిరింత పదును పోయిన ఆ 'గై' 20వ శతాబ్దంలో సినిమాలతో, సైనికులతో తిరిగి ఇంగ్లండు చేరింది. అప్పటికి అక్కడ 'చాప్', 'బ్లోక్' అనే సొంత మాటలున్నా వాటి పక్కన చోటు సంపాదించుకుంది.

ప్ర: ఆ 'గై' బొమ్మను ఎలా తయారుచేసేవారు? మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టుకు కావాలి. (లెస్టర్‌లో ఉంటాం.)

జ: పాత ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా తీసుకోండి. ప్యాంటు కాళ్ల చివర్లు, చొక్కా చేతుల చివర్లు పురికొసతో గట్టిగా కట్టండి. నలిపి ఉండలు చేసిన వార్తాపత్రికల కాగితం గానీ ఎండుగడ్డి గానీ లోపల కూరండి. ముందు కాళ్లు, చేతులు నింపాలి, పొట్ట ఆఖరున. తిరగేసి చేస్తే కాళ్లలోకి కాగితం దిగదు, బొమ్మ కూర్చోదు. చొక్కాను ప్యాంటులోకి దోపి, నడుము చుట్టూ తాడు కట్టండి. కాగితం సంచిని గానీ పాత మేజోడును గానీ నింపి తలగా పెట్టి, దాని మీద అట్టముక్క ముసుగు, పైన టోపీ. తల ఒక పక్కకు వాలిపోవడం అందరికీ ఎదురయ్యే ఇబ్బంది. సన్నటి కర్రను తలలోంచి పొట్ట దాకా దింపితే నిలబడుతుంది. మంటలో వేసేదైతే నైలాను, పాలిస్టరు బట్టలు వద్దు. అవి కరిగి బొట్లుబొట్లుగా రాలతాయి, పొగ కూడా మంచిది కాదు. నూలు, ఉన్ని బట్టలే వాడండి. రబ్బరు బూట్లు, ప్లాస్టిక్ ముసుగు తీసేయండి. మంట దగ్గరి పని పెద్దవాళ్లదే.

పూర్వం పిల్లలు ఈ బొమ్మను తోపుడు బండిలోనో, చంటిపిల్లల బండిలోనో కూర్చోబెట్టి, వీధి మలుపులో నిలబడి "గై కోసం ఒక పెన్నీ" అని అడుక్కునేవారు. ఆ డబ్బుతో టపాకాయలు కొనేవారు. ఇప్పుడు పిల్లలకు టపాకాయలు అమ్మరు, ఆ అడుక్కోవడమూ దాదాపు కనుమరుగైంది. ఒక వింత చెప్పి ముగిస్తాం: యార్క్‌లో ఫాక్స్ చదువుకున్న సెయింట్ పీటర్స్ స్కూల్లో మాత్రం ఈ బొమ్మను కాల్చరు. తమ పాత విద్యార్థి కదా!

ప్ర: ఆఫీసులో మా టీమ్‌లో సగం మంది అమ్మాయిలే. మేనేజరు "హాయ్ గైస్" అనే మొదలుపెడతారు. ఇది తప్పా?
(పాఠకురాలు, గచ్చిబౌలి, హైదరాబాద్)

జ: వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. మర్యాద ప్రకారం ఎవరితో అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందు వాడుకను మూడు ముక్కలుగా విడదీసి చూడండి. ఏకవచనంలో 'ఎ గై' అంటే మగవాడే, సందేహం లేదు. ఎదుట లేనివాళ్ల గురించి 'దోజ్ గైస్' అంటే ఎక్కువమంది చెవికి మగవాళ్లే తడతారు. ఎదుట ఉన్న గుంపును పిలిచే 'యూ గైస్', 'హాయ్ గైస్' మాత్రమే ఆడామగా ఇద్దరికీ సరిపోతుంది. అమెరికాలో ఆడవాళ్లే ఉన్న గుంపును కూడా ఆడవాళ్లే అలా పిలుచుకుంటారు.

ఇలా ఎందుకు జరిగిందో తెలుగువాళ్లకు తేలిగ్గా బోధపడుతుంది. ఇంగ్లిషులో ఒకప్పుడు 'దౌ' అంటే నువ్వు, 'యూ' అంటే మీరు. 'దౌ' మరుగున పడ్డాక ఒకరికీ పదిమందికీ ఒకే 'యూ' మిగిలింది. బహువచనం అని తెలియడానికి వెనక ఏదో ఒకటి తగిలించక తప్పలేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల వాళ్లు 'యాల్' అన్నారు, మిగతాచోట్ల 'యూ గైస్' నిలబడింది. మన 'మీరు' కూడా ఒక్కరి పట్ల గౌరవానికీ, పదిమందికీ పనికొస్తుంది కాబట్టే 'మీరందరూ', 'మీరంతా' అంటున్నాం.

ఇక ఆచరణ. మీ టీమ్ చాట్‌లో, రోజువారీ మీటింగులో 'గైస్' నడుస్తుంది. క్లయింటుకు రాసే మెయిల్లో, హెచ్‌ఆర్ ప్రకటనలో, ఇంటర్వ్యూలో, మీకంటే వయసులో బాగా పెద్దవాళ్లున్న సభలో వద్దు. అక్కడ 'హలో ఎవ్రీవన్', 'డియర్ ఆల్', 'హలో టీమ్' ఏ గొడవా లేని మాటలు. తనను అలా పిలవొద్దని ఒక్కరు చెప్పినా మానేయాలి. ఆ మాట చరిత్ర వాళ్లకు విడమరచి చెప్పబోవడం మహా చెడ్డ ఆలోచన. మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇంకొకటుంది. 'గైస్' సరేనన్నారు కదా అని ఒక్క మహిళా సహోద్యోగిని చూపిస్తూ 'దిస్ గై' అనేస్తారు. అది కుదరదు.

ప్ర: టెంటుకు, టవరుకు కట్టే 'గై వైరు' కూడా ఈ ఫాక్స్ మాటేనా? హీబ్రూలో 'గోయ్' నుంచి వచ్చిందని కూడా చదివాను.
(ఒక లైన్‌మన్, ఖమ్మం)

జ: రెండూ కావు. మీరు కరెంటు స్తంభానికి 'స్టే వైరు' అనేదే సెల్ టవరు దగ్గర 'గై వైరు'. అది పాత ఫ్రెంచిలో దారి చూపడం అనే అర్థమున్న మాటకు సంబంధించినది, 'గైడ్' దానికి చుట్టం. మొదట ఓడల్లో బరువులు ఎత్తేటప్పుడు అటూ ఇటూ ఊగకుండా పట్టి నడిపించే తాడు అది. ఫాక్స్ పేరు వేరే దారిలో వచ్చింది: జర్మానిక్ పేరు 'వీడో', ఫ్రెంచి నోట 'గీ', నార్మన్లతో ఇంగ్లండు చేరి 'గై'. రాతలో కలిసిపోయిన రెండు వేరు మాటలివి.

'గోయ్' అంటే జాతి, జనం, వాడుకలో యూదులు కానివాళ్లు. పలుకుబడి కుదరదు, దానికీ దీనికీ మధ్య మెట్లూ లేవు. 1806 నాటి బొమ్మను దాటుకుని వెళ్లే ఏ కథనైనా పక్కన పెట్టేయండి.

ప్ర: 'ఫాల్ గై' అంటే బలిపశువు కదా. అమెరికా మంత్రి ఆల్బర్ట్ ఫాల్ పేరు మీద వచ్చిందట?

జ: ఆయన ఇరుక్కున్న టీపాట్ డోమ్ చమురు కుంభకోణం 1920లది. మాట అంతకుముందే అచ్చులో ఉంది. ఆయన పేరు అలా కుదిరింది, అంతే.

ప్ర: 'డ్యూడ్' అంటే ఏనుగు వెనకభాగం మీద వెంట్రుక అని మా కాలేజీ గ్రూపులో ఏటా తిరుగుతుంది. నిజమేనా? నిజమైతే ఇక ఎవరినీ అలా పిలవను.
(విద్యార్థిని, తిరుపతి)

జ: నిశ్చింతగా పిలవండి. ఏనుగు వెంట్రుక, ఒంటె వెంట్రుక, దానికి పుట్టిన పుండు, ఇలా రకరకాలుగా తిరిగే ఆ కథకు ఏ నిఘంటువులోనూ ఆధారం లేదు.

ఈ మాట చరిత్ర 'గై' కంటే చిన్నది, కానీ ఒక విధంగా ఇంకా గట్టిది. అది ఎప్పుడు జనం నోట్లో పడిందో దాదాపు నెలతో సహా తెలుసు. 1883 జనవరి 14న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో రాబర్ట్ సేల్ హిల్ అనే ఆయన ఈ మాట మీద ఒక హాస్య పద్యం అచ్చువేశాడు. ఆ ఏడాదంతా అమెరికా పత్రికలు డ్యూడ్‌లను ఆడిపోసుకున్నాయి. డ్యూడ్ అంటే ఇంగ్లండు ఫ్యాషన్‌ను అరువు తెచ్చుకున్న డబ్బున్న కుర్రాడు: కాళ్లకు అతుక్కుపోయిన ప్యాంటు, గొంతు నొక్కేసేంత ఎత్తు కాలరు, చేతిలో అవసరం లేని కర్ర. మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, 'యాంకీ డూడుల్' అనే పాత అమెరికా పాటలోని 'డూడుల్' కురచ రూపమన్నదే ఇప్పటికి బలమైన వాదన. ఆ పాటలో యాంకీ టోపీకి ఈక గుచ్చుకుని దానికి 'మాకరోనీ' అని పేరు పెడతాడు. 18వ శతాబ్దపు లండన్‌లో మాకరోనీ అంటే సోకులరాయుడు. 1883 నాటి సోకులరాయుడికి అదే పాటలోంచి పేరు దొరకడం సహజమే.

తర్వాత పశ్చిమ అమెరికాలో గుర్రం ఎక్కడం రాని పట్నపు టూరిస్టును డ్యూడ్ అన్నారు. వాళ్లకోసం నడిపే పశువుల క్షేత్రాలే 'డ్యూడ్ రాంచ్'లు. 20వ శతాబ్దంలో నల్లజాతి కుర్రకారు, మెక్సికన్ అమెరికన్ కుర్రకారు దీన్ని సొంతం చేసుకుని తమలో తాము పిలుచుకునే మాటగా మార్చారు. వాళ్ల నుంచి కాలిఫోర్నియా అలల మీద ఆటగాళ్లకు, వాళ్ల నుంచి అందరికీ. ఇక్కడా వెక్కిరింత నుంచే చనువు పుట్టింది. మొదట్లో ఆడవాళ్లకు 'డ్యూడీన్' అనే రూపం కూడా ఉండేది, నిలవలేదు.

ప్ర: మన దగ్గర "వాడొక ఫెలో" అంటే చిన్నచూపు. అసలు ఇంగ్లిషులోనూ అంతేనా? ఇంగ్లిషు చనువు మాటల్లో మన దేశపు మాటలేమైనా ఉన్నాయా?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు)

జ: రెండో ప్రశ్నకు ముందు జవాబు. 'పాల్' అంటే స్నేహితుడు. ఇది 17వ శతాబ్దం చివర్లో రొమానీ భాష నుంచి ఇంగ్లిషులోకి వచ్చింది. రొమానీలో 'ఫ్రాల్' అంటే అన్నదమ్ముడు. రొమానీలు సుమారు వెయ్యేళ్ల కింద ఉత్తర భారతం నుంచి పడమటికి వెళ్లినవాళ్లు. వాళ్ల 'ఫ్రాల్', సంస్కృత 'భ్రాతృ', రెండూ ఒక్కటే. ఇంగ్లిషు 'బ్రదర్' కూడా ఇండో యూరోపియన్ కుటుంబంలో అదే మూలం, కనుక 'బ్రో' అన్నా, 'పాల్' అన్నా, 'భ్రాత' అన్నా ఒకే ఇంటి మనుషులు. ఇంగ్లిషుకు ఒకటి తాతల నుంచి వచ్చింది, ఒకటి దారినపోయే బళ్లవాళ్ల నుంచి వచ్చింది.

ఇక 'ఫెలో'. పాత నార్స్ భాషలో 'ఫెలగి' అంటే ఉమ్మడి వ్యాపారంలో డబ్బు పెట్టిన భాగస్వామి. అందులో మొదటి ముక్క 'ఫే' అంటే పశువులు, ఆపైన ధనం. ఆ రోజుల్లో పశువులే ధనం కదా. సంస్కృత 'పశు'తో దీనికి మూలంలో బంధుత్వం ఉంది. అంటే ఫెలో అనే మాటలో మన పశువు పేరుకు చుట్టం దాగి ఉంది. (ఈ మాట పట్టుకుని ఎవరినీ ఏడిపించకండి.) భాగస్వామి అనే గౌరవం రాయల్ సొసైటీ ఫెలో, యూనివర్సిటీ ఫెలోషిప్ వంటి చోట్ల ఇప్పటికీ ఉంది. తనకంటే తక్కువవాణ్ని పిలిచే తేలికదనం కూడా ఇంగ్లిషులో పాతదే. మనకు ఆ రెండోది ఎక్కువగా అంటింది.

'చాప్' కూడా వ్యాపారం మాటే. 'చాప్‌మన్' అంటే సరుకులమ్మేవాడు, 'చీప్' దాని చుట్టమే. ముందు అమ్మేవాడు, తర్వాత కొనేవాడు, చివరికి ఎవడో ఒకడు.

ప్ర: ఇలాంటి తేదీలు మేమే సరిచూసుకోవాలంటే ఎలా? గూగుల్ బుక్స్‌లో వెతికితే 1700ల నుంచే 'గై' కనిపిస్తోంది!
(పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం)

జ: మీకు కనిపించిన వాటిలో చాలావరకు మనుషుల పేర్లు. లండన్‌లో థామస్ గై అనే ధనికుడు 1720లలో కట్టించిన గైస్ హాస్పిటల్ ఒక్కటే వేల ఫలితాలను ముంచెత్తుతుంది. మిగిలినవాటిలో కొన్ని ఓడ తాళ్లు. అందుకే విడి మాటను వెతక్కండి, చుట్టూ ఉండే మాటలతో కలిపి వెతకండి: 'ఎ గై', 'దిస్ గై', 'యూ గైస్'. ఒక మాట ఏ ఏడాది పుస్తకాల్లో ఎంతగా కనిపిస్తుందో గీత గీసి చూపే గూగుల్ ఎన్‌గ్రామ్ పెద్దక్షరానికీ చిన్నక్షరానికీ మామూలుగా తేడా చూపిస్తుంది, కాబట్టి చిన్నక్షరంతో వెతికితే మనుషుల పేర్లు చాలావరకు జారిపోతాయి.

రెండో చిక్కు ముద్రణ సంవత్సరం. ఏళ్ల తరబడి వచ్చిన పత్రికల సంపుటాలకు తరచు మొదటి సంచిక ఏడాదే అంటించి ఉంటుంది. 1850 అని రాసి ఉన్నదాంట్లో 1905 నాటి వ్యాసం ఉండొచ్చు. పేజీ బొమ్మ తెరిచి, ఆ పేజీలోనో అటూ ఇటూ నాలుగు పేజీల్లోనో తేదీ గానీ, అప్పటి సంఘటన గానీ కనబడేదాకా నమ్మవద్దు. తునకగా మాత్రమే కనిపించే పుస్తకాన్ని ఆధారంగా తీసుకోవద్దు.

మూడోది, యంత్రం చదివే తప్పు. ఆనందం అనే అర్థంలో వాడిన 'గే' (gay) అనే పాత మాటలో మధ్య అక్షరం సిరా అలుక్కుపోతే అది 'గై' (guy) అయి కూర్చుంటుంది. 'ఎ గై పార్టీ' అని కనబడితే కళ్లు చిట్లించి చూడండి, అది ఆనందంగా ఉన్న బృందమే అయి ఉంటుంది.

వీటన్నిటికంటే ముందు ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ తెరవండి. యూనివర్సిటీ లైబ్రరీ ద్వారా దొరకొచ్చు, అడగండి. వ్యవహారపు మాటలకు గ్రీన్స్ డిక్షనరీ ఆఫ్ స్లాంగ్ ఆన్‌లైన్‌లో ఉంది. ఈ రెండూ ప్రతి అర్థానికీ విడిగా, తేదీలతో ఉదాహరణలిస్తాయి. ఒక కాగితం మీద అర్థాలను తేదీల వరుసలో రాసుకోండి, మీరు విన్న కథను పక్కన పెట్టండి. కథ అడిగే వరుస, కాగితం మీది వరుస కలవాలి. పొడి అక్షరాలు కలిపి మాట పుట్టిందనే కథ, ఆ మాట 20వ శతాబ్దానికి ముందుదైతే, దాదాపు ఎప్పుడూ అబద్ధమే.

తెలుగు మాటలకు ఇంత సుఖం లేదు. బ్రౌన్ నిఘంటువు 1852ది, అంటే ఒక మాట ఆనాటికి ఉందని చెప్పగలదు, ఎప్పుడు పుట్టిందో చెప్పలేదు. సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్యాల నుంచి ప్రయోగాలిస్తుంది. ఆ కవి కాలాన్ని మీరే వేసుకోవాలి. ద్రావిడ మూలం కావాలంటే బరో, ఎమెనోల నిఘంటువు, 1984 నాటి రెండో కూర్పు చూడండి.